నాచుతో తీసే ఇంధనం పర్యావరణానికి మంచిదేనా? తరచుగా అడిగే ప్రశ్నలు

సూక్ష్మనాచు నుంచి డీజిల్ తీయొచ్చన్న మాట వినగానే కొందరు ఇక పెట్రోలు బావులు మూతపడ్డట్టే అంటారు, కొందరేమో అదంతా కాగితాల మీది కథ అని కొట్టిపారేస్తారు. ఈ గొడవలో అసలు లెక్కలు ఎవరికీ పట్టవు. ఇక్కడ ఆ లెక్కలే చూద్దాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, మీరు ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు: నాచు పాపం మంచిదే, దానికి పెట్టే తిండి, పోసే నీళ్లు, ఆరబెట్టే వేడి ఎక్కడి నుంచి తెస్తున్నామన్న దగ్గరే మంచీ చెడూ తేలుతుంది.

సూక్ష్మనాచు అంటే చెరువులో కనిపించే పాచేనా?

దాదాపు అదే. నిలవ నీళ్లు పచ్చగా మారాయంటే ఆ రంగు చాలావరకు వీటిదే. ఒక్కోటి ఒక్క కణం, చాలావాటి సైజు మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు, వేరు లేదు, కాండం లేదు, అయినా మొక్కల్లాగే ఎండతో బతికేస్తాయి. క్లోరెల్లా, నానోక్లోరాప్సిస్, సీనెడెస్మస్, డయాటమ్‌లు ఇంధనం పనుల్లో తరచూ వినబడే పేర్లు. సముద్రంలో ఆకుల్లా తీగల్లా పెరిగే పెద్ద నాచు వేరే సంగతి, దాని జోలికి ఇక్కడ వెళ్లడం లేదు.

దాన్నుంచి ఇంధనం ఎలా తీస్తారు?

ముఖ్యంగా మూడు దారులున్నాయి. కొన్ని రకాల్లో ఎండు బరువులో 20 నుంచి 40 శాతం దాకా నూనె ఉంటుంది, దాన్ని తీసి మిథనాల్‌తో చర్య జరిపితే బయోడీజిల్ వస్తుంది. నూనె గోల లేకుండా మొత్తం నాచునే గాలి తగలని ట్యాంకులో మురగబెడితే బయోగ్యాస్ వస్తుంది. ఇక మూడోది హైడ్రోథర్మల్ లిక్విఫాక్షన్, అంటే తడి నాచునే 300-350 డిగ్రీల వేడిలో, దాదాపు 200 బార్ల ఒత్తిడిలో (మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లు) ఉడికించడం. భూగర్భంలో లక్షల ఏళ్లు పట్టే పని గంటలోపే అయిపోయి ముడి చమురు లాంటి నల్లటి ద్రవం వస్తుంది. ఏ దారి పట్టారన్న దాన్ని బట్టి పర్యావరణం లెక్క మొత్తం మారిపోతుంది, కాబట్టి ఎవరైనా దారి చెప్పకుండా "మంచిదా చెడ్డదా" అని అడిగితే నేను కూడా నీళ్లు నమలాల్సిందే.

పంటల కంటే ఎన్నో రెట్లు నూనె వస్తుందంటారు, నిజమేనా?

సగం నిజం. 2007లో యూసుఫ్ చిస్తీ అనే శాస్త్రవేత్త రాసిన ఒక వ్యాసంలోని పట్టిక ఇప్పటికీ అందరి ప్రజెంటేషన్లలో తిరుగుతూ ఉంటుంది. హెక్టారుకు ఏడాదికి సోయా 446 లీటర్లు, పామాయిల్ 5,950 లీటర్లు, 30 శాతం నూనె ఉన్న నాచు 58,700 లీటర్లు అని అందులో ఉంది. మొదటి రెండూ పొలంలో వస్తున్న దిగుబడులు, మూడోది బాగా ఆశపడి వేసిన అంచనా. బయట చెరువుల్లో ఏడాది పొడవునా చూస్తే చదరపు మీటరుకు రోజుకు 10 నుంచి 20 గ్రాముల ఎండు నాచు వస్తే మంచి దిగుబడి కిందే లెక్క. పైగా ఒక చిక్కు ఉంది: నాచుకి నత్రజని ఆపి ఆకలితో మాడిస్తేనే ఒంట్లో నూనె పోగేసుకుంటుంది, అలా మాడిస్తే పెరగడం ఆగిపోతుంది. ఎక్కువ నూనె, వేగంగా పెరగడం, రెండూ ఒకేసారి కావాలంటే కుదరదు. అయినా సరే, ఎకరానికి ఎంత అన్న ఒక్క విషయంలో మాత్రం నాచు పంటల్ని దాటేస్తుంది, అందులో నాకు అనుమానం లేదు.

కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుంటుంది కదా, ఇంక కాలుష్యం ఎక్కడిది?

ఎండు నాచులో దాదాపు సగం బరువు కార్బనే, కాబట్టి కిలో నాచు పెరగడానికి సుమారు 1.8 కిలోల కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటుంది. బాగానే ఉంది. కానీ ఆ నాచుతో చేసిన డీజిల్‌ని బండిలో కాల్చగానే ఆ కార్బన్ మళ్లీ గాల్లోకే పోతుంది. ఇది అప్పు తీసుకుని తిరిగి కట్టడం లాంటిది, మిగులు ఏమీ ఉండదు. లాభమల్లా, భూమిలోంచి కొత్తగా చమురు తవ్వి తీయాల్సిన అవసరం ఆ మేరకు తగ్గడం. అయితే ఈ మధ్యలో మోటార్లు తిప్పడానికి, ఎరువు తయారీకి, ఆరబెట్టడానికి బొగ్గో గ్యాసో కాల్చి ఉంటారు కదా, ఆ పొగ ఆదా అయినదాన్ని మింగేస్తుంది. కొన్ని డిజైన్లలో మామూలు డీజిల్ కంటే ఎక్కువ పొగే లెక్క తేలింది.

పవర్ ప్లాంట్ పొగ మొత్తం నాచుకే పట్టించేస్తే పోలా?

అందరికీ వచ్చే ఆలోచనే, ఒకసారి లెక్క కట్టి చూద్దాం. చదరపు మీటరుకు రోజుకు 20 గ్రాములు అంటే హెక్టారుకు 200 కిలోల నాచు, అది తీసుకునే కార్బన్ డయాక్సైడ్ 360 కిలోలు, ఏడాదికి దాదాపు 130 టన్నులు. 500 మెగావాట్ల బొగ్గు కేంద్రం ఏడాదికి 30 లక్షల టన్నుల వరకు వదులుతుంది. భాగహారం చేస్తే 23 వేల హెక్టార్లు, అంటే 230 చదరపు కిలోమీటర్ల చెరువు కావాలి, అదీ ఒక్క బుడగ కూడా వృథా కాకుండా ఉంటే. నిజానికి లోతు తక్కువ చెరువులోకి వదిలిన గ్యాసులో చాలా భాగం పైకి తేలి పోతుంది. రాత్రిపూట నాచు పీల్చదు, ప్లాంటు మాత్రం రాత్రీ పగలూ నడుస్తుంది. పొగలో కొంత భాగాన్ని వాడుకోవడం మంచి పనే, పొగ గొట్టానికి అదే మందు అంటే మాత్రం నేను నమ్మను.

నీళ్లు ఎన్ని పడతాయి?

ఇదే చాలామంది తేలిగ్గా తీసుకునే విషయం. ఈ చెరువుల లోతు 20-30 సెంటీమీటర్లే, పైన అంతా ఎండకు తెరిచే ఉంటుంది. రోజుకు 5 మిల్లీమీటర్లు ఆవిరైతే హెక్టారుకు 50 వేల లీటర్లు గాల్లో కలిసినట్టు. ఇందాకటి 200 కిలోల నాచుతో భాగిస్తే కిలోకి 250 లీటర్లు, అందులో నాలుగో వంతు నూనె అనుకుంటే కిలో నూనెకి వెయ్యి లీటర్లు. ఇది ఆవిరి లెక్క మాత్రమే. నాచుని వడగట్టాక మిగిలిన నీళ్లను తిరిగి చెరువులోకి పంపకుండా పారబోస్తే ఇంకా ఘోరం. 2011లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, మంచినీళ్లు వాడి వాటిని మళ్లీ వాడుకోకపోతే కిలో బయోడీజిల్‌కి 3,726 కిలోల నీళ్లు కావాలి, వాడుకుంటే అందులో 84 శాతం తగ్గుతుంది. అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2012 నివేదికలోనైతే లీటరు పెట్రోలుకు సమానమైన నాచు ఇంధనానికి 3.15 లీటర్ల నుంచి 3,650 లీటర్ల దాకా అని ఉంది. వెయ్యి రెట్లకు పైగా తేడా! ఎవరైనా ఒకే అంకె చెప్పి నీళ్ల సంగతి ముగించేస్తే, ఏ పద్ధతికి ఆ అంకె అని తప్పకుండా అడగండి.

సముద్రపు నీళ్లు వాడితే ఈ బాధ తప్పుతుందిగా?

చాలావరకు తప్పుతుంది, ఉప్పునీళ్లలో హాయిగా పెరిగే రకాలు బోలెడు. కాకపోతే నీరు ఆవిరైపోతుంది గానీ ఉప్పు ఎక్కడికీ పోదు, చెరువులో రోజురోజుకీ చిక్కబడుతుంది. దాన్ని సరిచేయడానికి మంచినీళ్లు కలపాలి, లేదా చిక్కటి ఉప్పునీళ్లు బయటికి తోడేసి కొత్తవి నింపాలి. తోడిన నీళ్లు ఎక్కడ వదులుతారు? కింద పరిచిన ప్లాస్టిక్ షీటు చిరిగినా, తోడిన నీళ్లు పక్క భూముల్లోకి పారినా, అక్కడి భూగర్భ జలం ఉప్పగా మారడానికి ఎంతో కాలం పట్టదు, బాగుచేయడానికి మాత్రం తరాలు పడుతుంది.

ఎరువులు కూడా వేయాలా? నాచుకి ఎండా నీళ్లూ చాలవా?

చాలవు, నా దృష్టిలో అసలు సమస్యంతా ఇక్కడే ఉంది, అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను. ఎండు నాచు బరువులో సుమారు 5 నుంచి 8 శాతం నత్రజని, దాదాపు 1 శాతం భాస్వరం. మధ్యలో 7 శాతం అనుకుంటే హెక్టారుకు రోజుకు 14 కిలోల నత్రజని పడుతుంది. రోజుకు! ఒక తిండిగింజల పంటకి సీజన్ మొత్తం మీద వేసేంత నత్రజని ఈ చెరువు పది పదిహేను రోజుల్లో తినేస్తుంది. దిగుబడి కూడా అంతే ఎక్కువ, కాదనను, కానీ మనకు కావలసింది నూనె, నూనెలో నత్రజని ఉండదు. అంటే ఇంత ఖరీదైన ఎరువు పెట్టి పెంచింది పిప్పిలో మిగిలిపోతుంది.

ఆ నత్రజని ఎరువు ఎక్కడి నుంచి వస్తుందంటే, హేబర్-బాష్ అనే పద్ధతిలో గాలిలోని నత్రజనిని హైడ్రోజన్‌తో కలిపి చేస్తారు, ఆ హైడ్రోజన్ ఎక్కువగా సహజవాయువు నుంచి. శిలాజ ఇంధనం మానేయడానికి పెంచే నాచుకి శిలాజ ఇంధనంతో చేసిన ఎరువు వేయడం అన్నమాట. భాస్వరం ఇంకో తలనొప్పి, అది గనుల్లోంచి తవ్వాల్సిందే, ప్రపంచంలోని నిల్వల్లో మూడింట రెండొంతులకు పైగా మొరాకో చేతిలోనే ఉన్నాయి. ఇందాక చెప్పిన నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2012 నివేదిక ఇంకో లెక్క కూడా వేసింది. అమెరికా రవాణా ఇంధనంలో 5 శాతం, అంటే ఏటా 3,900 కోట్ల లీటర్లు నాచు నుంచి తీయాలంటే, పోషకాలను తిరిగి వాడుకోని పక్షంలో, ఆ దేశం మొత్తం వాడే నత్రజనిలో 44 నుంచి 107 శాతం, భాస్వరంలో 20 నుంచి 51 శాతం కావాలి. ఐదు శాతం ఇంధనం కోసం!

ఇంకో చిన్న సంగతి. చెరువులో ఎక్కడైనా ఆక్సిజన్ అందక నీరు కుళ్లితే, అక్కడి బ్యాక్టీరియా నత్రజనిని నైట్రస్ ఆక్సైడ్‌గా మార్చి వదులుతుంది. వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు వేడెక్కించే వాయువు, కొంచెం వెలువడినా లాభాన్ని గట్టిగానే కోస్తుంది.

మరి మురుగునీటితో పెంచితే?

హమ్మయ్య, ఇప్పుడు దారిలోకి వచ్చాం. మురుగునీటిలో నత్రజని, భాస్వరం ఉచితంగా ఉంటాయి, అసలు వాటిని తీసేయడానికే శుద్ధి కేంద్రాలు తెగ కరెంటు ఖర్చుపెడతాయి, ముఖ్యంగా నీళ్లలోకి గాలి కొట్టడానికి. నాచు ఉంటే పగలు ఆ ఆక్సిజన్ అదే ఇస్తుంది, బ్యాక్టీరియా మురికిని తిని కార్బన్ డయాక్సైడ్ వదిలితే అది నాచు తీసుకుంటుంది. కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్కిలీలో విలియం ఆస్వాల్డ్ 1950లలోనే ఈ పద్ధతి మీద పనిచేశాడు. స్పెయిన్‌లోని చిక్లానాలో మురుగునీటితో నాచు పెంచి, బయోగ్యాస్ తీసి, దాంతో కార్లు నడిపి చూపించారు. ఇలా చేస్తే ఇంధనం కొంచెమే వచ్చినా నష్టం లేదు, నీళ్లు శుభ్రపడటమే అసలు లాభం, ఇంధనం పైన వచ్చిన కొసరు. ఇబ్బందులు లేవని కాదు: స్థలం ఎక్కువ కావాలి, చలికాలం మందగిస్తుంది, మురుగులో భారలోహాలుంటే నాచు వాటిని ఒంట్లో పట్టుకుంటుంది కాబట్టి మిగిలిన పిప్పిని పశువుల దాణాగా పెట్టకూడదు. బయోగ్యాస్ ట్యాంకు కారకుండా చూసుకోవాలి, మీథేన్ కూడా కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 27 రెట్లు వేడెక్కిస్తుంది.

నీళ్లలోంచి నాచుని తీయడం అంత కష్టమా? వడగడితే రాదా?

నేనూ అలాగే అనుకున్నాను. ఒకసారి ఐదు లీటర్ల గాజు సీసాలో క్లోరెల్లా పెంచాను, కిటికీ దగ్గర, చేపల తొట్టెకి వాడే చిన్న గాలి పంపు పెట్టి. మూడు వారాలకి అవతల పెట్టిన చెయ్యి కనిపించనంత పచ్చగా అయింది, చూసి పొంగిపోయాను. పల్చటి గుడ్డలో పోస్తే పచ్చనీళ్లు పోసినవి పోసినట్టే కిందకి దిగిపోయాయి. గుడ్డ నాలుగు మడతలు వేసినా అంతే. చివరికి రెండు రోజులు కదపకుండా పెట్టి, పై నీళ్లు మెల్లగా వంపి, అడుగున మిగిలింది ఫిల్టర్ కాగితం మీద పోసి ఎండబెడితే వచ్చింది ఒక టీస్పూను పొడి. ఐదు లీటర్లకి మూడు గ్రాములు.

పెద్ద చెరువుల్లోనూ ఇదే కథ, లీటరుకు అర గ్రాము నుంచి ఒక గ్రాము. కిలో నాచు కోసం టన్నో రెండు టన్నులో నీళ్లు కదపాలి. ముందు పటిక లాంటిది వేసి గడ్డకట్టిస్తారు (ఆ లోహం పిప్పిలోనే ఉండిపోతుంది), తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో, అంటే గిర్రున తిప్పి బరువైనదాన్ని వేరుచేసే యంత్రంలో, తిప్పుతారు. అంతా చేసినా వచ్చే ముద్దలో 20 శాతమే నాచు, మిగతా 80 నీళ్లే. కిలో ఎండు నాచు కోసం ఇంకా నాలుగు కిలోల నీళ్లు మరిగించి పంపాలి, దానికి 10 మెగాజౌళ్ల పైనే వేడి కావాలి. ఆ కిలో నాచులో ఉండే శక్తి 20 మెగాజౌళ్లు చిల్లర. సగం ఇక్కడే హరీ! తడిగానే వాడే బయోగ్యాస్, లిక్విఫాక్షన్ దారులు నాకు మెరుగ్గా అనిపించేది అందుకే.

తెరిచిన చెరువులా, మూసిన గాజు గొట్టాలా, ఏది నయం?

ఫొటోలకి గొట్టాలు, ఇంధనానికి చెరువులు. గొట్టాల్లో నీరు ఆవిరి కాదు, బయటి జీవులు దూరవు, నాచు చిక్కగా పెరుగుతుంది. కానీ గొట్టాల్లో నీళ్లు ఆగకుండా తిప్పుతూ ఉండాలి, ఎండలో వేడెక్కితే చల్లబరచాలి, ఆ గాజో ప్లాస్టిక్కో తయారీకి కూడా శక్తి కావాలి. అన్నీ కూడితే పెట్టిన శక్తి కంటే వచ్చే శక్తి తక్కువని లెక్క తేలిన సందర్భాలు ఉన్నాయి. మందుల్లో, సౌందర్య సాధనాల్లో వాడే ఖరీదైన సరుకుకి గొట్టాలు సరే.

బంజరు భూమిలో పెంచొచ్చు కదా, తిండి పంటలకి పోటీ ఉండదు?

అవును, నాచుకి ఉన్న పెద్ద ప్లస్ పాయింట్ అదే, మట్టి సారంతో దానికి పనే లేదు. కాకపోతే బంజరు అని మనం పిలిచేది నిజంగా ఖాళీగా ఉండదు. ఎడారిలో అక్కడి జీవులున్నాయి, తీరంలోని ఉప్పు నేలల్లో వలస పక్షులు దిగుతాయి. చదునుగా, ఎండ బాగా పడుతూ, నీళ్లకూ కార్బన్ డయాక్సైడ్‌కీ దగ్గరగా ఉండే భూమి అనుకున్నంత దొరకదు. ఇంకోటి, పక్షులకి ఇది చెరువో ఫ్యాక్టరీయో తెలియదు, వచ్చి వాలతాయి, అందులో ఉప్పు, రసాయనాలు ఏమున్నా తాగేస్తాయి.

నాచు బయటికి తప్పించుకుని ఊళ్లో చెరువుల్ని పట్టేస్తే?

గాలికి, తుంపరకి, పక్షి కాళ్లకి అంటుకుని కొంత బయటికి పోవడం ఖాయం, దాన్ని ఎవరూ ఆపలేరు. అయితే చెరువులో బాగా తిండి పెట్టి పెంచిన రకం బయట స్థానిక రకాలతో పోటీపడి నెగ్గడం కష్టం. జన్యుమార్పిడి చేసిన నాచుని అమెరికాలో ప్రభుత్వ అనుమతితో ఆరుబయట పెంచి చూసిన ప్రయోగం ఫలితాలు 2017లో వచ్చాయి: పక్కన పెట్టిన నీళ్ల తొట్లలోకి అది చేరింది, కానీ అక్కడి నాచుని తోసిపుచ్చలేకపోయింది. ఊరటే, కానీ ఒక రకం మీద, కొద్ది వారాలు చేసిన ప్రయోగం అది. నా భయం వేరు: గట్టు తెగి ఎరువు నీళ్లు, నాచు కలిసి వాగులో పడితే, అక్కడ నాచు విపరీతంగా పెరిగి, చచ్చి, కుళ్లి, ఆక్సిజన్ అంతా లాగేసి చేపల్ని చంపుతుంది. దానికి జన్యుమార్పిడి అక్కర్లేదు.

నాచుకి కూడా పురుగుమందులు కొడతారా?

కొట్టాల్సి వస్తుంది. రోటిఫర్లనే సూక్ష్మజీవులు, కొన్ని రకాల బూజు పడితే రెండు మూడు రోజుల్లో పచ్చటి చెరువు గోధుమ రంగులోకి తిరిగి కుప్పకూలుతుంది. అప్పుడు మందులు వేయాలి, లేదా మొత్తం పారబోసి మళ్లీ మొదలుపెట్టాలి. కాగితం మీది దిగుబడుల్లో ఈ చచ్చిపోయిన చెరువులు సాధారణంగా ఉండవు.

ఇన్ని చెరువులు పెడితే ఆక్సిజన్ పెరుగుతుందా?

లేదు. ఇంధనం కాల్చినప్పుడు ఆ ఆక్సిజన్ తిరిగి ఖర్చైపోతుంది.

అంత పెద్ద కంపెనీలు ఎందుకు చేతులెత్తేశాయి?

అమెరికా ప్రభుత్వం 1978 నుంచి 1996 దాకా దీని మీద పెద్ద పరిశోధనే నడిపింది, న్యూమెక్సికోలోని రోజ్‌వెల్‌లో చెరువులు కట్టి మరీ. నాచు పెరిగింది, కానీ రాత్రి చలికి దిగుబడి పడిపోయింది, అప్పటి చవక చమురుతో పోటీ పడలేక మూసేశారు. తర్వాత ఎక్సాన్‌మొబిల్ అనే అమెరికా చమురు కంపెనీ 2009లో 60 కోట్ల డాలర్ల వరకు పెడతామని ప్రకటించింది, 2023 మొదట్లో తప్పుకుంది. డబ్బు ఒక్కటే కారణం అనుకోకండి, పైన చెప్పిన నీళ్లు, ఎరువు, ఆరబెట్టడం అన్నీ చివరికి రూపం మార్చుకుని బిల్లులోనే కనిపిస్తాయి.

ఇంత తిప్పలెందుకు, అదే స్థలంలో సోలార్ ప్యానెళ్లు పెట్టుకోవచ్చుగా?

కరెంటు కోసమైతే తప్పకుండా ప్యానెళ్లే పెట్టండి, అందులో రెండో మాట లేదు. మామూలు ప్యానెల్ ఎండలో 20 శాతం దాకా కరెంటుగా మారుస్తుంది, బయటి చెరువులో నాచు 3 శాతం పట్టుకుంటే గొప్ప. కానీ దూరం వెళ్లే విమానాలు, ఓడలు బ్యాటరీ మీద నడవడం ఇప్పటికైతే కష్టం, వాటికి ద్రవ ఇంధనమే కావాలి. నాచుకి చోటు ఉంటే అక్కడే ఉంటుంది, కార్ల ట్యాంకుల్లో కాదు.

సరదాగా ఇంట్లో పెంచి చూడొచ్చా?

చూడొచ్చు, చెడేదేమీ లేదు, కాకపోతే ఇంధనం వస్తుందని ఆశపడకండి. శుభ్రమైన సీసా, నమ్మకమైన చోట తెచ్చిన క్లోరెల్లా, కాస్త ద్రవ ఎరువు, చిన్న గాలి పంపు చాలు. ఎక్కడో గుంటలోంచి పచ్చనీళ్లు తెచ్చి మాత్రం మొదలుపెట్టకండి, నాచులాగే పచ్చగా కనిపించే సయనోబాక్టీరియా అనే బ్యాక్టీరియాలో కొన్ని రకాలు విషాలు తయారుచేస్తాయి, చూసి పోల్చుకోలేం. నేరుగా మండుటెండలో పెట్టినా చచ్చిపోతుంది. నా రెండో సీసా అలాగే పోయింది, మధ్యాహ్నానికి పాలిపోయి, మర్నాటికి కుళ్లు వాసన. ఆట అయిపోయాక ఆ నీళ్లు కాలువలోనో చెరువులోనో పోయకండి, అందులో ఇంకా ఎరువు ఉంటుంది. మొక్కల మొదట్లో పోయండి, వాటికి మంచి తిండి.